స్థలం మాది, ఇళ్ళు వాళ్ళవి: కాలిఫోర్నియాలో మొబైల్ హోమ్ పార్క్ ఓనర్‌గా నా అనుభవం

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నేళ్ళుగా ఒక మాట తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ల కన్నా మొబైల్ హోమ్ పార్క్ కొనడం మేలని. పైకప్పు కారినా, వాటర్ హీటర్ పాడైనా మనకి ఫోన్ రాదు, ఎందుకంటే ఇల్లు ఉండేవాళ్ళదే. మనవి నేల, రోడ్లు, పైపులు మాత్రమే. నెల తిరిగేసరికి స్థలం అద్దె వచ్చి పడుతుంది. ఈ లెక్క చూసే నేనూ, మా బావమరిదీ, ఆఫీసులో పరిచయమైన ఇంకో ఇద్దరూ కలిసి ఒక ఎల్ఎల్‌సీ పెట్టి, రాష్ట్రం మధ్యలో తోటలుండే సెంట్రల్ వ్యాలీలో ఒక చిన్న ఊళ్ళో 46 స్పేసుల, అంటే 46 ఇళ్ళకి చోటున్న పార్క్ కొన్నాం. లెక్క అబద్ధం కాదు. కాకపోతే అందులో చట్టం అనే కాలమ్ ఉండదు. నేను రాస్తున్నది దాని గురించే.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందు ఈ ఇళ్ళ సంగతి చెప్పాలి. ఇవి ఫ్యాక్టరీలో ఉక్కు చాసిస్ మీద కట్టి, లారీకి తగిలించి తీసుకొచ్చి స్థలంలో దింపే ఇళ్ళు. 1976 జూన్ 15 నుంచి తయారైనవాటికి ఫెడరల్ ప్రభుత్వ గృహ నిర్మాణ శాఖ (హడ్) ప్రమాణాలు వర్తిస్తాయి, అంతకు ముందువి పాతకాలపువి. ఒకసారి దింపాక చుట్టూ స్కర్టింగ్ కడతారు, వరండా వేస్తారు, కార్‌పోర్ట్ నిలబెడతారు, గులాబీలు నాటతారు. ఇక అది కదలదు. కదిలించాలంటే వేల డాలర్లు కావాలి, పాత ఇల్లయితే దారిలోనే విరగొచ్చు, ఇంకో పార్క్ వాళ్ళు దాన్ని రానివ్వరు కూడా. మన దగ్గర గుడి మాన్యంలో ఇల్లు కట్టుకుని ఏటా దేవస్థానానికి స్థలం అద్దె కట్టే కుటుంబాలు ఉంటాయి చూడండి, సుమారుగా ఆ పరిస్థితి. అద్దె నచ్చకపోతే ఖాళీ చేసి వెళ్ళిపొమ్మనడానికి అది పోర్షన్ కాదు. కాలిఫోర్నియా చట్టంలో మాకు ఎదురైన ప్రతి చిక్కూ ఈ ఒక్క విషయం నుంచే పుట్టింది.

కొనేముందే పార్కుల కేసులు మాత్రమే చూసే ఒక లాయర్‌ని పెట్టుకున్నాం. ఇది మా బావమరిదికి ఇష్టం లేదు, "మామూలు రియల్ ఎస్టేట్ లాయర్ సగం ఫీజుకే చేస్తాడు కదా బావా" అన్నాడు. ఆవిడ మొదటి మీటింగ్‌లోనే మొబైల్‌హోమ్ రెసిడెన్సీ లా అనే పుస్తకం మా చేతిలో పెట్టింది. సివిల్ కోడ్‌లో 798వ సెక్షన్ దగ్గర మొదలవుతుంది, 1978 నుంచి ఆ పేరుతో ఉంది, దాదాపు ఏటా ఏదో ఒక సవరణ వస్తూనే ఉంటుంది. అద్దె ఒప్పందంతో పాటు ఈ చట్టం కాపీ కూడా జతచేసి ఇవ్వాలి. ముఖ్యమైన మార్పు వచ్చిన ఏడాది ఫిబ్రవరి 1 లోగా ప్రతి ఇంటికీ కొత్త కాపీ అయినా అందాలి, అడిగితే ఉచితంగా ఇస్తామన్న నోటీసైనా అందాలి. అంటే మనం ఏం చేయకూడదో చెప్పే పుస్తకాన్ని మనమే పంచిపెట్టాలన్నమాట.

అమ్మేవాళ్ళ ఫైళ్ళు చూసేటప్పుడు వాళ్ళు గొప్పగా చూపించినవి లాంగ్ టర్మ్ లీజులు. ఒకప్పుడు పన్నెండు నెలలు దాటిన లీజు ఉంటే ఊరి రెంట్ కంట్రోల్, అంటే అద్దె పెంపుకి ఊరు పెట్టే హద్దు, దానికి వర్తించేది కాదు. 2020లో వచ్చిన ఏబీ 2782 అనే రాష్ట్ర చట్టం ఆ మినహాయింపుకి గండి కొట్టింది, 2025 నాటికి అది పూర్తిగా పోయింది. మా లాయర్ ఆ లీజుల మొత్తాన్ని విలువ లెక్కలోంచి కొట్టేసింది. అమ్మకం ధర మీద బేరానికి మాకు అదే పనికొచ్చింది.

ఇక అద్దె పెంపు. మా బావమరిది స్ప్రెడ్‌షీట్‌లో మొదటి ఏడాదే నెలకి నూట యాభై డాలర్ల పెంపు ఉంది. రాష్ట్రం మొత్తానికీ స్థలం అద్దె మీద పరిమితి లేదు. 2019లో అపార్ట్‌మెంట్ల కోసం చేసిన ఏబీ 1482 మామూలుగా పార్క్ స్థలాలకి వర్తించదు. తొంభై రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసిస్తే చాలు. కానీ వందకు పైగా ఊళ్ళూ, మన జిల్లాల్లాంటి కౌంటీలూ సొంతంగా రెంట్ కంట్రోల్ పెట్టుకున్నాయి. అవి చెల్లవని ఓనర్లు సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. 1992లో ఎస్కండీడో ఊరి కేసులో, అద్దెకి హద్దు పెట్టడం అంటే భూమిని లాక్కోవడం కాదని కోర్టు తేల్చేసింది. మా ఊళ్ళో ఇంకా అలాంటి ఆర్డినెన్స్, అంటే ఊరి చట్టం, లేదు. "లేదు అంటే, ఎవరూ ఇంకా వాళ్ళకి కారణం ఇవ్వలేదని అర్థం" అంది లాయర్. నూట యాభై డాలర్ల పెంపు కాగితం 46 గడపలకి అంటించిన మర్నాడే సిటీ కౌన్సిల్ మీటింగ్ నిండిపోతుందని ఆవిడ ఉద్దేశం.

నాకు లాయర్ మాట కన్నా క్లబ్‌హౌస్‌లో జరిగిన మీటింగే ఎక్కువ పనిచేసింది. వచ్చినవాళ్ళలో సగం మంది సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళు, మిగతావాళ్ళు తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసేవాళ్ళు. ఒక పెద్దావిడ తన ఇంటి ధర గురించి అడిగింది. స్థలం అద్దె పెరిగే కొద్దీ ఆ ఇల్లు కొనేవాడు ఇచ్చే ధర తగ్గుతుంది, అంటే మేం పెంచే ప్రతి డాలరూ ఆవిడ ఆస్తిలోంచి కొంత తీసేస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో అది మాకు లాభంగా మాత్రమే కనిపిస్తుంది. మేం ధరల పెరుగుదలకి కాస్త అటూ ఇటూగా పెంచి ఊరుకున్నాం. మా బావమరిది ఇప్పటికీ దీన్ని నా మెతకదనం అంటాడు.

ఇదే పార్క్‌లో మూడు ఇళ్ళు మాత్రం పాత ఓనర్‌వి, అవీ మాకొచ్చాయి. వాటిలో ఉన్నవాళ్ళు ఇంటికీ స్థలానికీ కలిపి అద్దె కడతారు. వాళ్ళ విషయంలో చట్టం మారిపోతుంది. 2021 నాటి ఏబీ 978 తర్వాత వాళ్ళకి అపార్ట్‌మెంట్ల పరిమితే: ఏడాదికి అయిదు శాతం, దానికి ధరల సూచీ పెంపు కలిపి, ఎంతైనా పది శాతం మించకూడదు. పైగా ఆ ఇళ్ళ పైకప్పు కారితే ఫోన్ మాకే. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళకి రెండు రకాల నోటీసులు, రెండు రకాల ఫారాలు. మేనేజర్ వాటికి రంగు ఫైళ్ళు పెట్టుకున్నాడు. ఆయన పార్క్‌లోనే ఉంటాడు. యాభై, ఆ పైన స్పేసులుంటే మేనేజర్ అక్కడే ఉండడం తప్పనిసరి. మాకు 46 కాబట్టి ఆ నిర్బంధం లేదు, అయినా ఆయన అక్కడ లేకపోతే మా పని అయిపోయేది.

చెట్టు సంగతి చెప్పకుండా ఉండలేను. వ్యాలీలో పాత పార్కులన్నిటా కాయలు కాయని మల్బరీ చెట్లు కనిపిస్తాయి. వేసవిలో నూట పది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండకి నీడ కోసం నలభై, యాభై ఏళ్ళ కింద నాటినవి. ఒక స్పేస్‌లో అలాంటి చెట్టు కొమ్మ విరిగి కార్‌పోర్ట్ మీద వాలింది. ఆ ఇంటావిడ ప్రమాదంగా ఉందని మాకు ఉత్తరం రాసింది. ఆ చెట్టు నాటింది ఆవిడ భర్తే. "వాళ్ళు నాటిన చెట్టుకి మనం డబ్బులెందుకు కట్టాలి బావా?" అని మావాడు. కట్టాలి. 798.37.5 సెక్షన్ ప్రకారం, చెట్టు ప్రమాదకరమని ఇంటివాళ్ళు రాసిచ్చినా, మనకే తోచినా, కొట్టించే పనీ ఖర్చూ పార్క్‌వే. పార్క్ వేయించిన డ్రైవ్‌వే పగిలినా అంతే. కొన్న మొదటి ఏడాది మా రిపేర్ల బడ్జెట్‌లో పెద్ద భాగం చెట్లు కొట్టేవాళ్ళకే పోయింది. పార్క్ కొనాలనుకునేవాళ్ళు పైపులకి కెమెరా పెట్టించి చూస్తారు. తల పైకెత్తి చెట్లు కూడా చూడండి.

కరెంటు, గ్యాస్ మాస్టర్ మీటర్ మీద ఉన్నాయి. కంపెనీ బిల్లు మాకొస్తుంది, ఒక్కో ఇంటికీ సబ్‌మీటర్ చూసి మేం వసూలు చేస్తాం. ఇందులో ఒక్క సెంటు లాభం వేసుకోవడానికి లేదు. కంపెనీ నేరుగా ఇచ్చుంటే ఆ ఇంటికి ఎంత రేటు పడేదో అంతే, తక్కువ ఆదాయం వాళ్ళ డిస్కౌంట్‌తో సహా. ఆ రేటు పట్టిక అందరికీ కనిపించే చోట అంటించాలి. సబ్‌మీటర్లు కూరగాయల తూకం రాళ్ళు చూసే కౌంటీ తూనికల కొలతల శాఖ పరిధిలోకే వస్తాయి, వాళ్ళ సీలు ఉండాలి. పాత ఓనర్ దగ్గర కొన్ని మీటర్ల సీలు గడువు దాటిపోయింది. అవన్నీ మార్పించేదాకా లాయర్ మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఈ చట్టాన్ని కావాలని ఉల్లంఘించారని తేలితే ఒక్కో ఉల్లంఘనకి రెండు వేల డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ లాయర్ ఫీజు కూడా కట్టాలి. 46 ఇళ్ళతో గుణించి చూసుకోండి.

అసలు కథ ఒక స్పేస్ దగ్గర మొదలైంది. అందులో ఉండే పెద్దాయన ప్యాకింగ్ షెడ్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. పని పోయింది, అద్దె ఆగింది. కాలిఫోర్నియాలో పార్క్ నుంచి ఒకరిని ఖాళీ చేయించడానికి ఏడంటే ఏడు కారణాలున్నాయి. అద్దె కట్టకపోవడం వాటిలో ఒకటి, అదీ వరసగా నడవాలి. గడువు దాటి అయిదు రోజులయ్యాక మూడు రోజుల నోటీసు, దానితో పాటే అరవై రోజుల నోటీసు కూడా ఇవ్వొచ్చు. మూడు రోజుల్లో కట్టేస్తే కథ ముగిసినట్టే. పన్నెండు నెలల్లో మూడుసార్లు ఆ నోటీసు అందుకున్నవాళ్ళకి మాత్రం ఆ తర్వాత బాకీ తీర్చి నిలబడే హక్కు పోతుంది. ఈయనకి పాత ఓనర్ అప్పటికే రెండిచ్చాడని ఫైల్లో ఉంది. తీరా చూస్తే ఆ నోటీసుల్లో చట్టం అడిగే హెచ్చరిక పేరానే లేదు. అది లేనివి లెక్కలోకి రావు. ఒకటి నుంచి మళ్ళీ మొదలు.

నోటీసు ఇంట్లో ఉన్నాయనకి ఇస్తే సరిపోదు. ఇంటి మీద అప్పిచ్చినవాళ్ళకీ, రిజిస్ట్రేషన్‌లో వేరే పేరుంటే ఆ మనిషికీ పది రోజుల్లో కాపీ వెళ్ళాలి. వాళ్ళు కావాలంటే బాకీ కట్టి ఇంటిని కాపాడుకోవచ్చు. వాళ్ళెవరో తెలియాలంటే రాష్ట్ర గృహ నిర్మాణ శాఖ, అంటే హెచ్‌సీడీ దగ్గర టైటిల్ సెర్చ్ చేయించాలి. మొబైల్ హోమ్‌కి కార్లకున్నట్టు టైటిల్ కాగితం, అంటే యాజమాన్య పత్రం ఉంటుంది. సెర్చ్‌లో వచ్చిన పేరు మా పెద్దాయనది కాదు, ఆయనకి ఎన్నో ఏళ్ళ కింద ఇల్లు అమ్మిన ఒకావిడది. డబ్బులిచ్చి, చేత్తో రాసిన బిల్ ఆఫ్ సేల్ పుచ్చుకుని, టైటిల్ మార్పించకుండానే ఉండిపోయాడు. అప్పిచ్చిన సంస్థగా కనిపిస్తున్నది ఎప్పుడో మూతపడ్డ ఫైనాన్స్ కంపెనీ. రిజిస్ట్రేషన్ ఫీజులు ఏళ్ళ తరబడి పేరుకుపోయాయి. ఈ పరిస్థితి ఎంత మామూలంటే, టైటిల్ లేకుండా ఉండిపోయినవాళ్ళు పాత బాకీలు మాఫీ చేయించుకుని పేరు మార్చుకునేందుకు 2016లో రాష్ట్రం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. మా పెద్దాయనకి దాని సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నోటీసులన్నీ సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాం, కొన్ని వెనక్కి వచ్చాయి. ఆ కవర్లు కూడా విప్పకుండా దాచమంది లాయర్. ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది: గడువు దాటాక అద్దె పేరుతో ఏదీ తీసుకోవద్దని. తీసుకుంటే నోటీసు వీగిపోయిందని అవతలివాళ్ళు వాదించొచ్చు. ఒక రోజు ఆయన కొంత మొత్తానికి మనీ ఆర్డర్ పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. మేనేజర్ తీసుకోలేదు, పక్కూళ్ళో లీగల్ ఎయిడ్ వాళ్ళ నంబరిచ్చి పంపాడు. డబ్బు చేతికొచ్చినా వద్దనాల్సిన వ్యాపారం ఇంకెక్కడా చూడలేదు నేను.

అరవై రోజులయ్యాక సుపీరియర్ కోర్టులో అన్‌లాఫుల్ డిటైనర్, అంటే ఖాళీ చేయించే కేసు వేయాలి. 2025 నుంచి జవాబివ్వడానికి అయిదుకి బదులు పది కోర్టు రోజులు ఇస్తున్నారు. గెలిస్తే షెరిఫ్ అయిదు రోజుల నోటీసు తలుపుకి అంటిస్తాడు. కాగితాలు సిద్ధమవుతుండగానే పెద్దాయన ఎవరికీ చెప్పకుండా నెవాడాలో అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. మావాడు ఫోన్లో సంబరపడ్డాడు. లాయర్ మాత్రం నిట్టూర్చింది. మనిషి వెళ్ళాడు, ఇల్లు ఉంది. అది మాది కాదు, తాళం పగలగొట్టడానికి వీల్లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు, ఆ స్థలం మీద అద్దె రాదు. అపార్ట్‌మెంట్ అయితే రంగు వేయించి పదిహేను రోజుల్లో కొత్తవాళ్ళని దించేవాళ్ళం.

దీనికి వేరే దారి, అదే చట్టంలోని 798.61 సెక్షన్. అరవై రోజులుగా అద్దె రాకపోవాలి, ఇంట్లో ఎవరూ ఉండకూడదు, వదిలేశారని ఎవరు చూసినా అనుకునేలా ఉండాలి. అప్పుడు వదిలేసినట్టు భావిస్తున్నామని తలుపు మీద నోటీసు కట్టి ముప్పై రోజులు ఆగాలి, అందరికీ మెయిల్‌లో పంపాలి, ఆ తర్వాతే కోర్టులో పిటిషన్. జడ్జి ఆ ఇల్లు వదిలేసినదే అని ప్రకటించాక లోపలున్న వస్తువుల జాబితా రాయాలి. నేనూ మేనేజరూ కూర్చుని రాశాం: బైబిల్, టీవీ, రెండు ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్లు, పిల్లల ఫోటోల ఆల్బమ్, మందుల సీసాలు. కోర్టు ఫారానికి ఫోటోల ఆల్బమ్ ఎంత చేస్తుందో కూడా కావాలి. సున్నా అని రాశాం. ఆల్బమ్‌నీ సర్టిఫికెట్లనీ మేనేజర్ నెవాడా అడ్రస్‌కి కొరియర్ చేశాడు.

ఇక ఇంటిని వేలం వేయడమా, పడగొట్టడమా? 1972 నాటి ఇల్లు, నేల కుంగిపోయింది, ఎవరూ కొనరు. పడగొట్టే దారిలో వెళితే కౌంటీ ట్యాక్స్ కలెక్టర్‌కి, హెచ్‌సీడీకి ముందు తెలియజేయాలి, ఆ ఇంట్లో మళ్ళీ ఎవరినీ ఉంచకూడదు. అంత పాతదాన్ని కూల్చేముందు ఆస్‌బెస్టాస్ పరీక్ష కూడా చేయించాలి. మొదటి నోటీసు నుంచి బుల్డోజర్ దాకా ఏడాది దగ్గర పడింది. బాకీ ఉన్న అద్దెకి కొన్ని రెట్లు ఖర్చయింది. అదే మొదట్లోనే ఆయనతో కూర్చుని వాయిదాలు కట్టించుకుని, టైటిల్ పేరు మార్పించి ఉంటే ఇల్లు ఆయన అమ్ముకునేవాడు, మాకు అద్దె వచ్చేది. ఇది జాలి కబురు కాదు, అంకెల లెక్కే. అప్పటి నుంచి రెండో నెల అద్దె ఆగగానే మేనేజర్ నోటీసుతో పాటు స్థానికంగా అద్దె సాయం చేసే సంస్థల నంబర్లు కూడా ఇస్తున్నాడు. టైటిల్ పేరు కుదరనివాళ్ళకి ఫారాలు నింపడంలో తోడుంటున్నాడు.

ఇళ్ళు చేతులు మారేటప్పుడు మా పాత్ర జనం అనుకునేంత పెద్దది కాదు. కొనేవాళ్ళని కాదనడానికి ముఖ్యంగా రెండు కారణాలు: అద్దె కట్టగలిగే స్తోమత లేకపోవడం, ఇదివరకు ఉన్న చోట్ల ప్రవర్తన చూస్తే ఇక్కడి రూల్స్ పాటించరని సహేతుకంగా తోచడం. కావలసిన వివరాలన్నీ అందాక పదిహేను పని దినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఇల్లు పాతది కాబట్టి పార్క్‌లోంచి తీసేయమనడం కూడా కుదరదు. వయసు దాటిపోవడంతో పాటు ప్రమాదకరంగానో, బాగా శిథిలంగానో ఉంటేనే. రూల్స్ మార్చాలన్నా ముందు అందరినీ పిలిచి చర్చించాలి, ఒప్పుకోనివాళ్ళకి ఆరు నెలల నోటీసు తర్వాతే అవి వర్తిస్తాయి. మొత్తం పార్కే మూసేసి ఇంకేదో కట్టుకుంటామన్నా, వేరే పార్క్‌లో సరైన చోటు దొరకని ఇంటివాళ్ళకి ఆ ఇంటికి అక్కడ పలికే మార్కెట్ ధర కట్టాల్సి రావచ్చు.

ఆ స్పేస్ ఇప్పుడు ఖాళీగా ఉంది. కొత్త ఇల్లు దింపడానికి హెచ్‌సీడీ ఇన్‌స్టలేషన్ పర్మిట్‌కి పెట్టాం. ఈలోగా మా బావమరిది అరిజోనాలో ఇంకో పార్క్ చూపించి అక్కడ చట్టాలు తేలికంటున్నాడు. కావచ్చు. స్ప్రెడ్‌షీట్ పంపే ముందు అక్కడున్న ప్రతి ఇంటికీ టైటిల్ ఎవరి పేరున ఉందో జాబితా తెప్పించమన్నాను. ఇంకా రాలేదు.